చేత్తో లెక్కిస్తే 11,350 ఓమ్స్, టూల్‌లో 11,254. ఆ 96 ఎక్కడ పోయాయి?

కానూరు_ఈసీఈ | మంగళవారం రాత్రి 9:20

అందరికీ నమస్కారం. విజయవాడలో ఈసీఈ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. ఐసీ లేఅవుట్ ల్యాబ్‌లో పాలీసిలికాన్‌తో (చిప్ మీద పరిచే సిలికాన్ పొర, పాలీ అంటాం) ఒక రెసిస్టర్ గీశాను. పాము మెలికల్లాగా పది కాళ్ళు, వెడల్పు అంతటా 0.5 మైక్రాన్. మెలిక వచ్చేదాకా ఒక్కో కాలు 10 మైక్రాన్లు, అంటే 20 స్క్వేర్లు. పది కాళ్ళకు 200. ఒక కాలి నుంచి పక్క కాలికి తిరిగేచోట మూల ఒక స్క్వేరు, మధ్యలో ఒకటి, మళ్ళీ మూల ఒకటి, కలిపి 3. అలాంటి మలుపులు 9 ఉన్నాయి కాబట్టి 27. మొత్తం 227 స్క్వేర్లు. ల్యాబ్ షీట్‌లో పాలీకి స్క్వేరుకు 50 ఓమ్స్ అని ఇచ్చారు. గుణిస్తే 11,350 ఓమ్స్.

టూల్‌తో ఎక్స్‌ట్రాక్ట్ చేస్తే, అంటే గీసిన బొమ్మ నుంచి నిరోధం లెక్కగట్టిస్తే, 11,254 వస్తోంది. తేడా 96. ఒక శాతం కూడా లేదు కదా, వదిలేయమని ఫ్రెండ్స్ అంటున్నారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. తప్పు నాదైతే ఎక్కడో తెలియాలి. శుక్రవారం రివ్యూ ఉంది, అదో టెన్షన్.

తెనాలి_పాలిటెక్నిక్ | రాత్రి 9:41

అన్నా, నేను డిప్లొమా రెండో ఏడు. నాకు మొదటి లైన్ దగ్గరే ఆగిపోయింది. స్క్వేరుకు 50 ఓమ్స్ అంటే ఏ స్క్వేరుకు? చదరపు మిల్లీమీటరుకా, చదరపు మైక్రానుకా? యూనిట్ రాయకుండా వదిలేశారేంటి?

పటమట_వెరిలాగ్ | రాత్రి 9:52

టూల్ 11,254 అంటే 11,254 అంతే. ఈ రోజుల్లో చేత్తో ఎవరు లెక్కిస్తున్నారు? నేను డిజిటల్ వైపు ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను, ఒక్కసారి కూడా స్క్వేర్లు లెక్కపెట్టాల్సిన అవసరం రాలేదు. రివ్యూలో టూల్ రిపోర్ట్ చూపించు చాలు.

సత్యనారాయణపురం_మాస్టారు | రాత్రి 10:15

తెనాలి అమ్మాయి అడిగింది చాలా మంచి ప్రశ్న. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా ఫిజిక్స్ చెప్పాను. ఈ ప్రశ్న అడగకుండానే ముందుకు పోయేవాళ్ళే ఎక్కువ. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

ఇంటర్‌లో చదివిన సూత్రం గుర్తు చేసుకోండి. తీగ నిరోధం కావాలంటే విశిష్ట నిరోధాన్ని పొడవుతో గుణించి, అడ్డుకోత వైశాల్యంతో భాగించాలి. చిప్ మీద పొర విషయంలో ఆ వైశాల్యం అంటే వెడల్పు ఇంటూ మందం. మందం మన చేతిలో లేదు. ఫ్యాక్టరీ వాళ్ళు వేఫర్ (చిప్పులు తయారయ్యే సిలికాన్ పళ్ళెం) అంతటా ఒకే మందంలో పొర పరుస్తారు. మనం గీసేది పొడవు, వెడల్పు మాత్రమే. కాబట్టి విశిష్ట నిరోధాన్ని మందంతో ముందే భాగించేసి ఆ అంకె మన చేతిలో పెడతారు. అదే షీట్ రెసిస్టెన్స్. ఇక మిగిలింది పొడవు బై వెడల్పు. మైక్రాన్లను మైక్రాన్లతో భాగిస్తే యూనిట్ పోతుంది, మిగిలేది ఉత్త సంఖ్య. ఆ సంఖ్యే స్క్వేర్లు.

పల్నాడు నాపరాళ్ళు పరిచిన వసారాను ఊహించుకోమ్మా. అన్నీ చదరపు రాళ్ళు, ఒకే మందం. కరెంటు ఒక రాయికి ఎడమ అంచు అంతటా లోపలికి వచ్చి కుడి అంచు అంతటా బయటికి పోతుందనుకో. ఆ రాయి నిరోధం 50 ఓమ్స్. ఇప్పుడు నాలుగు రాళ్ళు కలిపి పెద్ద చదరం చెయ్యి. కరెంటు వెళ్ళే దారిలో రెండు రాళ్ళు వరసగా ఉన్నాయి కాబట్టి 100. అలాంటి వరసలు రెండు పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి సగం, మళ్ళీ 50. తొమ్మిది రాళ్ళ చదరం చేసినా 50 ఓమ్స్, వంద రాళ్ళ చదరం చేసినా 50 ఓమ్స్. చదరం ఎంత పెద్దదైనా నిరోధం ఒకటే. అందుకే ఏ స్క్వేరో రాయరు. యూనిట్ మరచిపోలేదు, అక్కడ యూనిట్ లేదు.

ఒక్క షరతు ఉంది. అంచు అంతటా కరెంటు సమానంగా రావాలి. ఈ షరతు మీద గుర్తు పెట్టి ఉంచండి, కానూరు అబ్బాయి 96 ఓమ్స్ కథ అక్కడే ఉందని నా అనుమానం.

తెనాలి_పాలిటెక్నిక్ | రాత్రి 10:31

అర్థమైంది మాస్టారూ! మా ఇంటి వసారాలో నిజంగానే నాపరాళ్ళు. రేపు పొద్దున వాటి మీద సుద్దముక్కతో గీసి చూసుకుంటాను.

బ్రాడీపేట_లేఅవుట్ | రాత్రి 11:05

మాది గుంటూరు బ్రాడీపేట, ఇప్పుడు బెంగళూరులో అనలాగ్ లేఅవుట్ చేస్తున్నాను. తొమ్మిదేళ్ళయింది.

మాస్టారి అనుమానం నిజం. తమ్ముడూ, నువ్వు మూలలో ఉన్న స్క్వేరును నిండు స్క్వేరుగా లెక్కపెట్టావు. మూలలో కరెంటు ఒక అంచున వచ్చి ఎదురు అంచున పోదు, పక్క అంచుకు తిరుగుతుంది. లోపలి మూలను రాసుకుంటూ దగ్గరి దారిలో వెళ్ళిపోతుంది. ఏలూరు రోడ్డు మీద సందు మలుపు చూడు, బండ్లన్నీ లోపలి మూలకే ఆనుకుని తిరుగుతాయి, బయటి మూలలో తోపుడు బండి పెట్టుకున్నా ఎవరికీ అడ్డు రాదు. చిప్‌లో కూడా బయటి మూలలో ఉన్న పాలీ దాదాపు ఖాళీగా పడి ఉంటుంది. లెక్క కట్టి చూస్తే ఆ మూల స్క్వేరు విలువ సుమారు 0.56 స్క్వేరు.

నీకు 9 మలుపులు, మలుపుకు రెండు మూలలు, మొత్తం 18. వాటి విలువ 18 కాదు, 10.08. కాబట్టి 200, మధ్యవి 9, మూలలవి 10.08, మొత్తం 219.08 స్క్వేర్లు. యాభైతో గుణిస్తే 10,954.

కానూరు_ఈసీఈ | రాత్రి 11:12

అక్కా, థాంక్యూ. కానీ ఇప్పుడు ఇంకో చిక్కు. టూల్ 11,254 చెప్తోంది. ఇంతకుముందు నా లెక్క 96 ఎక్కువ. ఇప్పుడు సరిచేస్తే 300 తక్కువ. తప్పు దిద్దితే ఇంకా దూరం జరిగాను!

బ్రాడీపేట_లేఅవుట్ | రాత్రి 11:20

సరిగ్గా 300. ఆ అంకెను చూస్తే ఏమీ తట్టడం లేదా? పాములోకి కరెంటు ఎలా వస్తోంది, ఎలా పోతోంది? ల్యాబ్ షీట్‌లో కాంటాక్ట్ (పాలీని పైనున్న మెటల్ తీగకు కలిపే చోటు) వరస చూడు.

కానూరు_ఈసీఈ | రాత్రి 11:26

చూశాను. పాలీ కాంటాక్ట్ ఒక్కోటి 150 ఓమ్స్. రెండు కొసల్లో ఒక్కొక్కటి పెట్టాను. రెండూ కలిపి 300. అయ్యో, అసలు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు!

అంటే మూలల దగ్గర 396 ఎక్కువ వేశాను, కాంటాక్టుల దగ్గర 300 మరిచిపోయాను. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని 96 మిగిలింది. ఒక శాతం లోపే అని మేం అనుకున్నది అదృష్టవశాత్తూ వచ్చిన అంకె అన్నమాట.

పటమట_వెరిలాగ్ | రాత్రి 11:40

బాగుంది, లెక్క తేలింది. అయినా నా మాట మీదే ఉన్నాను. టూల్‌కు ఇవన్నీ ముందే తెలుసు కదా. 11,254 అని సరిగ్గానే చెప్పింది. చేత్తో చేసిన లెక్క వల్ల కొత్తగా వచ్చిందేమిటి?

బ్రాడీపేట_లేఅవుట్ | బుధవారం ఉదయం 7:10

పటమట గారూ, దానికి జవాబు ఈ తమ్ముడి దగ్గరే ఉందనిపిస్తోంది. తమ్ముడూ, ఆ రెసిస్టర్ దేనికోసం గీశావు? ఒంటరి 11 కిలో ఓమ్ రెసిస్టర్ ల్యాబ్‌లో ఎవరూ అడగరు. దాని పక్కన ఇంకొకటి ఉండాలి.

కానూరు_ఈసీఈ | ఉదయం 7:48

ఉంది అక్కా. వోల్టేజ్ డివైడర్. 1.8 వోల్టుల సప్లై నుంచి 0.6 వోల్ట్ తీయాలి. పైది రెండు వంతులు, కిందిది ఒక వంతు. పైది ఈ పాము. కిందిది కూడా అదే వెడల్పుతో ఐదు కాళ్ళ పాము. 5 కాళ్ళకు 100, నాలుగు మలుపులకు 12, మొత్తం 112. నాకు 227 లో సగం 113.5 కావాలి కాబట్టి చివరి కాలిని ఒకటిన్నర స్క్వేరు పొడిగించాను. 5,675 ఓమ్స్, సరిగ్గా సగం. దీన్ని ఇంకా ఎక్స్‌ట్రాక్ట్ చేయలేదు.

బ్రాడీపేట_లేఅవుట్ | ఉదయం 8:02

ఎక్స్‌ట్రాక్ట్ చేయకు. ముందు నువ్వే లెక్కపెట్టి ఇక్కడ రాయి. నేను ఆఫీస్ బస్సులో చూస్తాను.

కానూరు_ఈసీఈ | ఉదయం 8:30

కాళ్ళు 101.5. మధ్యవి 4. మూలలు ఎనిమిది, ఒక్కోటి 0.56 చొప్పున 4.48. మొత్తం 109.98 స్క్వేర్లు, 5,499 ఓమ్స్. కాంటాక్టులు రెండు, 300. కలిపితే 5,799.

నేను అనుకున్నది 5,675. ఇక్కడ 124 పెరిగింది. పైదానిలో 96 తగ్గింది. తప్పులు రెండు పాముల్లోనూ అవే, కానీ ఒకటి కిందికి జరిగింది, ఇంకోటి పైకి జరిగింది.

డివైడర్ లెక్క: 5,799 ని మొత్తం 17,053 తో భాగించి 1.8 తో గుణిస్తే 0.612 వోల్ట్. 12 మిల్లీవోల్టులు తేడా, రెండు శాతం. దేన్ని ఒక శాతం లోపే అని వదిలేయబోయానో దానివల్లే ఇది జరిగింది.

ఇప్పుడే టూల్‌లో కూడా చూశాను, 5,799 వచ్చింది. మొదటిసారి నా అంకె, టూల్ అంకె ఒకటయ్యాయి.

బ్రాడీపేట_లేఅవుట్ | ఉదయం 8:41

శభాష్. పటమట గారూ, మీ ప్రశ్నకు జవాబు ఇదే. టూల్ రెండు అంకెలూ సరిగ్గానే ఇస్తుంది. సిమ్యులేషన్ నడిపితే 0.612 అని కూడా చెప్తుంది. ఎందుకు అలా వచ్చిందో చెప్పదు. కారణం తెలియని వాడు కింది పామును సుమారు మూడున్నర స్క్వేర్లు కత్తిరించి 0.6 తెప్పించి సంతోషిస్తాడు. నేను చేరిన కొత్తలో అలాగే చేశాను. చిప్ తిరిగొచ్చాక కాంటాక్ట్ రెసిస్టెన్స్ షీట్‌లో ఉన్నంత లేదు, నేను కత్తిరించిన లెక్క తప్పిపోయింది. ఆ చిప్పులు చేతిలో పట్టుకుని కూర్చున్న సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

పటమట_వెరిలాగ్ | ఉదయం 9:15

ఒప్పుకుంటున్నాను మేడమ్. పై దానిలో తగ్గి, కింది దానిలో పెరగడం నేను ఊహించలేదు. కానూరు తమ్ముడూ, టూల్ రిపోర్ట్ చూపించు చాలన్న నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

అరండల్‌పేట_అనలాగ్ | మధ్యాహ్నం 1:20

ఈ చర్చ ఇప్పుడే చూశాను. గుంటూరు వాణ్ణే, అనలాగ్ డిజైన్ చేస్తుంటాను. కాంటాక్టుల మాట వచ్చింది కాబట్టి నేను స్టూడెంటుగా ఉన్నప్పుడు పడిన గుంట ఒకటి చెప్తాను. అది ఇంకా లోతైనది.

స్కైవాటర్ అనే చిప్ ఫ్యాక్టరీ వాళ్ళ 130 నానోమీటర్ కిట్ (అక్కడ చిప్ గీయడానికి కావలసిన నియమాలు, ఫైళ్ళు) 2020లో గూగుల్ సాయంతో అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చింది. మీలో చాలామంది దాంతోనే నేర్చుకుంటూ ఉండొచ్చు. అందులో మెటల్ 1 (మొదటి మెటల్ తీగల పొర) కింద లోకల్ ఇంటర్‌కనెక్ట్ అని ఇంకో పొర ఉంటుంది. స్క్రీన్ మీద చూస్తే అదీ ఒక తీగే, రంగు మాత్రమే వేరు. నేను ఒక చిన్న సర్క్యూట్‌కు గ్రౌండ్ లైన్ మొత్తం ఆ పొరలోనే లాగాను. పొడవు 100 మైక్రాన్లు, వెడల్పు అర మైక్రాన్. 200 స్క్వేర్లు.

మెటల్ 1 స్క్వేరుకు సుమారు 0.125 ఓమ్. ఆ లోకల్ పొర స్క్వేరుకు సుమారు 12.8 ఓమ్స్. వంద రెట్లు! అది అల్యూమినియం కాదు, టైటానియం నైట్రైడ్, పైగా పలుచన. నా గ్రౌండ్ లైన్ 2,560 ఓమ్స్ అయి కూర్చుంది. అందులో 0.1 మిల్లీ ఆంపియర్ పోతే పావు వోల్ట్ పైనే డ్రాప్. 1.8 వోల్టుల సర్క్యూట్‌లో గ్రౌండే పావు వోల్ట్ పైకి లేచింది. అదే మెటల్ 1 లో లాగి ఉంటే 25 ఓమ్స్, రెండున్నర మిల్లీవోల్టులు. స్కీమాటిక్‌లో మాత్రం అది ఒక గీత, సున్నా ఓమ్స్. వారం రోజులు ట్రాన్సిస్టర్లను అనుమానించాను.

కాబట్టి కానూరు తమ్ముడూ, నీ కింది పాము గ్రౌండ్‌కు ఏ పొరలో కలిసిందో కూడా చూసుకో.

కానూరు_ఈసీఈ | మధ్యాహ్నం 2:05

చూశాను అన్నా, మెటల్ 1 లోనే ఉంది. గుండె ఆగినంత పనైంది.

తెనాలి_పాలిటెక్నిక్ | మధ్యాహ్నం 2:30

మాస్టారూ, ఒక ప్రశ్న. షీట్‌లో 50 ఓమ్స్ అని రాసేది ఎవరు? ఎలా కొలుస్తారు? కాంటాక్టుకే 150 ఓమ్స్ ఉంటే, మీటర్ పెట్టినప్పుడు ఆ 150 కూడా కలిసిపోదా?

సత్యనారాయణపురం_మాస్టారు | సాయంత్రం 5:40

ఈ అమ్మాయి ప్రశ్నలు చూస్తుంటే మళ్ళీ క్లాసుకు వెళ్ళాలనిపిస్తోంది.

కలిసిపోతుందమ్మా. అందుకే రెండు ముళ్ళతో కొలవరు, నాలుగు ముళ్ళతో కొలుస్తారు. ఒకే గీత మీద సమాన దూరంలో నాలుగు ముళ్ళు పొర మీద ఆనిస్తారు. బయటి రెండింటి గుండా కరెంటు పంపుతారు. లోపలి రెండింటి మధ్య వోల్టేజ్ చూస్తారు. వోల్ట్ మీటర్ దాదాపు కరెంటు తీసుకోదు కాబట్టి లోపలి ముళ్ళ దగ్గర కాంటాక్ట్ నిరోధం ఎంతున్నా అక్కడ వోల్టేజ్ పడిపోదు. బయటి ముళ్ళ దగ్గర పడిపోతుంది, కానీ మనం అక్కడ కొలవడం లేదు. ముళ్ళ మధ్య దూరంతో పోలిస్తే పొర చాలా పలుచనగా, చాలా విశాలంగా ఉంటే, వోల్టేజ్‌ను కరెంటుతో భాగించి 4.53 తో గుణిస్తే షీట్ రెసిస్టెన్స్ వచ్చేస్తుంది. ఆ 4.53 అనేది పై (π) విలువను 2 యొక్క సహజ లాగరిథంతో భాగిస్తే వచ్చే అంకె. ముళ్ళ మధ్య దూరం ఎంతో తెలియాల్సిన పనిలేదు. నాపరాయి చదరం లాంటిదే ఇదీ.

పొర ఏ ఆకారంలో ఉన్నా, మధ్యలో చిల్లులు లేకుండా ఉంటే, అంచున నాలుగు చోట్ల పట్టుకుని కొలవవచ్చని వాన్ డెర్ పౌ 1958లో చూపించాడు. చిప్పుల మధ్య ఖాళీ జాగాలో చిన్న ప్లస్ గుర్తు ఆకారంలో టెస్ట్ ముక్కలు పెట్టి కొలిచేది ఆ పద్ధతితోనే. జాక్ కిల్బీ మొదటి ఐసీ చేసిందీ అదే 1958లో. ఆయన విడిగా రెసిస్టర్ తెచ్చి అతికించలేదు, జెర్మేనియం ముక్కనే రెసిస్టర్‌గా వాడుకున్నాడు. మీరు గీస్తున్న పాముకు ఆ ముక్కే పెద్దన్న.

ఇంట్లో చేసుకునే ప్రయోగం ఒకటి చెప్తాను. 6బి లేదా 8బి పెన్సిల్ కొనుక్కో. తెల్ల కాగితం మీద 2 సెంటీమీటర్ల చదరం, 4 సెంటీమీటర్ల చదరం గట్టిగా, ఎక్కడా ఖాళీ లేకుండా నల్లగా రుద్దు. ఎదురెదురు అంచుల పొడవునా అల్యూమినియం ఫాయిల్ పట్టీలు పెట్టి క్లిప్పులతో బిగించు. మల్టీమీటర్‌తో కొలువు. ముల్లు నేరుగా కాగితం మీద గుచ్చితే మాత్రం అంకె తప్పు వస్తుంది, అంచు అంతటా కరెంటు అందాలి.

పటమట_వెరిలాగ్ | సాయంత్రం 6:25

మాస్టారి పోస్ట్ చదివాక నా వైపు నుంచి ఒకటి చేర్చాలనిపించింది. డిజిటల్‌లో మాకు తీగ రెసిస్టెన్స్ అనేది సిగ్నల్ ఆలస్యం (డిలే) రూపంలో కనిపిస్తుంది. తీగ పొడవు రెట్టింపైతే రెసిస్టెన్స్ రెట్టింపు, కెపాసిటెన్స్ కూడా రెట్టింపు, కాబట్టి ఆ తీగ ఆలస్యం నాలుగు రెట్లు. అందుకే పొడుగు తీగల మధ్యలో బఫర్లు (సిగ్నల్‌ను మళ్ళీ బలంగా పంపే చిన్న సర్క్యూట్లు) పెడతాం. బఫర్ ఎందుకో నాకు తెలుసు, దాని వెనక ఉన్నది ఈ స్క్వేర్లేనని ఇవాళ తెలిసింది.

సత్యనారాయణపురం_మాస్టారు | సాయంత్రం 6:50

అందుకే 1997లో ఐబీఎం అల్యూమినియం బదులు రాగి తీగలు వేస్తామని ప్రకటించినప్పుడు అంత సంచలనమైంది. రాగి విశిష్ట నిరోధం అల్యూమినియం కంటే మూడో వంతు పైగా తక్కువ. అయితే తీగ మరీ సన్నబడితే రాగి కూడా మొరాయిస్తుంది. రాగిలో ఎలక్ట్రాన్ దేనికీ తగలకుండా వెళ్ళే సగటు దూరం సుమారు 40 నానోమీటర్లు. తీగ వెడల్పు ఆ దరిదాపులకు వస్తే ఎలక్ట్రాన్లు గోడలకు కొట్టుకుంటూ పోవాలి. పుస్తకంలోని అంకె అక్కడ చెల్లదు.

అరండల్‌పేట_అనలాగ్ | రాత్రి 8:10

తమ్ముడూ, డివైడర్ సంగతికి వద్దాం. శుక్రవారం రివ్యూ కదా. కింది పామును కత్తిరించి 0.6 తెప్పించే ఆలోచన ఉంటే మానెయ్.

ఆ 50 ఓమ్స్ అనేది సగటు. పాలీ షీట్ రెసిస్టెన్స్ బ్యాచ్‌ను బట్టి 15, 20 శాతం అటూ ఇటూ మారడం మామూలే. కాంటాక్ట్ అంతకంటే ఎక్కువ మారుతుంది. ఎచింగ్‌లో (అక్కర్లేని పొరను తొలిచేసి ఆకారం తెచ్చే దశ) వెడల్పు కూడా తేడా వస్తుంది. నువ్వు 0.5 గీస్తే 0.45 వచ్చిందనుకో, 20 స్క్వేర్ల కాలు 22 దాటుతుంది, పదకొండు శాతం పెరిగినట్టు. ఇక వేడి సరేసరి. అల్యూమినియం తీగ డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. రోహిణి కార్తెలో బెజవాడ ఎండకు బయట 45 డిగ్రీలుంటే, డబ్బా లోపల చిప్ ఎంత కాలుతుందో ఊహించుకో. 80 డిగ్రీలు పెరిగితే తీగ రెసిస్టెన్స్ మూడో వంతు దాకా పెరుగుతుంది.

ఇన్ని మారుతుంటే 5,627 అనే అంకె కోసం గుడ్డలు చించుకోకు. నీకు కావలసింది నిష్పత్తి. పైది కిందిదానికి రెండింతలు ఉండాలి, ఏం మారినా రెండూ కలిసి మారాలి. నీ పాముల్లో తప్పులు అనుకోకుండా కొట్టుకుపోయాయి. మనమే కావాలని కొట్టుకుపోయేలా గీయాలి.

బ్రాడీపేట_లేఅవుట్ | రాత్రి 8:35

గీయడం నేను చెప్తాను. పాములు వద్దు. ఒకే కొలత ఉన్న తిన్నని కడ్డీ ఒకటి చెయ్యి, దాన్ని యూనిట్ అంటాం. మూల లేదు కాబట్టి 0.56 గొడవే లేదు. వెడల్పు 1 మైక్రాన్ పెట్టు, అప్పుడు అదే 0.05 తేడా వస్తే ఐదు శాతమే. ప్రతి కొసలో కాంటాక్టులు రెండు పెట్టు, పక్కపక్కన ఉంటాయి కాబట్టి 150 సగమై 75 అవుతుంది. ఇలాంటివి తొమ్మిది. ఆరు సిరీస్‌లో కలిపితే పైది, మూడు కలిపితే కిందిది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ప్రతి కడ్డీలో పాలీ, కాంటాక్టులు ఒకే పాళ్ళలో ఉన్నాయి. కాంటాక్ట్ 150 అయినా, 250 అయినా, ఆరింటిలోనూ అంతే, మూడింటిలోనూ అంతే. నిష్పత్తి కదలదు. నువ్వు కిందిదాన్ని సగం పొడవు గీసి, కాంటాక్టులు మాత్రం అవే రెండు ఉంచావు. అక్కడే దెబ్బతిన్నావు.

వరస కూడా ముఖ్యం. చిప్‌కు ఒక పక్క మందం కొంచెం ఎక్కువ ఉండొచ్చు, ఒక పక్క వేడి ఎక్కువ ఉండొచ్చు. మూడు కింది కడ్డీలూ ఒక మూలకు తోయకు. పై, కింది, పై, పై, కింది, పై, పై, కింది, పై. ఇలా పెడితే రెండు గుంపుల మధ్య బిందువూ ఒకటే, ఐదో కడ్డీ మీద పడుతుంది. రెండు చివర్లా దేనికీ కలపని కడ్డీ ఒక్కొక్కటి పెట్టు. చివరి కడ్డీకి ఒక పక్క ఖాళీ ఉంటే ఎచింగ్ వేరుగా జరుగుతుంది. ఆ దెబ్బ డమ్మీ తీసుకుంటుంది. కడ్డీలను కలిపే తీగ మెటల్‌లోనే వెయ్యి, అరండల్‌పేట గారి కథ గుర్తుంది కదా.

తెనాలి_పాలిటెక్నిక్ | గురువారం ఉదయం 7:30

నిన్న సాయంత్రం పెన్సిల్ ప్రయోగం చేశాను మాస్టారూ. మొదటిసారి చిన్న చదరం 14 కిలో ఓమ్స్, పెద్దది 9. చాలా నిరాశ పడ్డాను. తర్వాత చూస్తే చిన్నదానిలో ఒక అంచున ఫాయిల్ సగమే ఆనింది. సరిగ్గా బిగించి, ఇంకోసారి రుద్ది కొలిస్తే 9.4, 9.9 వచ్చాయి. నాలుగు రెట్ల వైశాల్యం, దాదాపు అదే అంకె! అమ్మకు చూపిస్తే కాగితంలో కరెంటు ఏంటని ఆశ్చర్యపోయింది.

సత్యనారాయణపురం_మాస్టారు | ఉదయం 8:05

చాలా సంతోషం తల్లీ. చేత్తో రుద్దిన పొరకు ఆ మాత్రం తేడా ఉంటుంది. ఇప్పుడు ఎల్ ఆకారం చెయ్యి. ఒక చదరం, మూల చదరం, ఇంకో చదరం. మూడు చదరాలే. రెండు కొసలకూ ఫాయిల్ బిగించు. ఏం వస్తుందో ముందే రాసిపెట్టుకుని తర్వాత కొలువు.

కానూరు_ఈసీఈ | రాత్రి 10:50

గీయడం అయిపోయింది. కడ్డీ 36 మైక్రాన్లు, వెడల్పు 1, అంటే 36 స్క్వేర్లు, 1,800 ఓమ్స్. రెండు కొసల కాంటాక్టులు 75 చొప్పున 150. యూనిట్ 1,950. తొమ్మిది కలిపి 17,550. కరెంటు సుమారు 103 మైక్రో ఆంపియర్లు. ఈసారి టూల్ నడపకముందే అంకెలన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఎక్స్‌ట్రాక్ట్ చేస్తే కలిపే మెటల్ తీగల వల్ల కొద్ది ఓమ్స్ తప్ప అన్నీ కలిశాయి. అవుట్‌పుట్ 0.600.

తర్వాత షీట్ రెసిస్టెన్స్, కాంటాక్ట్ రెండూ 20 శాతం పెంచి, తగ్గించి చూశాను. కరెంటు 85 నుంచి 128 దాకా మారింది. అవుట్‌పుట్ మూడో దశాంశ స్థానంలో కూడా కదల్లేదు. కాంటాక్ట్ ఒక్కదాన్నే రెట్టింపు చేశాను, అయినా కదల్లేదు. అదే పని పాత పాముల మీద చేస్తే 0.612 కాస్తా 0.622 అయింది.

రేపు రివ్యూలో పాత పాములు, కొత్త కడ్డీలు రెండూ పక్కపక్కన చూపించబోతున్నాను అక్కా. పాత తప్పును దాచను.

బ్రాడీపేట_లేఅవుట్ | రాత్రి 11:02

అదే చూపించు తమ్ముడూ. వరస ఎందుకలా పెట్టావని తప్పకుండా అడుగుతారు, ఆ జవాబు సిద్ధంగా ఉంచుకో.

తెనాలి_పాలిటెక్నిక్ | రాత్రి 11:15

అన్నయ్యా, ఆల్ ది బెస్ట్. మాస్టారూ, ఎల్ ఆకారం కొలిచాను. 2.56 స్క్వేర్లు అని ముందే రాసుకున్నాను. అదే కాగితం మీద పక్కన రుద్దిన చదరం 9.6 కిలో ఓమ్స్ ఉంది, కాబట్టి 24.6 రావాలి. మీటర్‌లో 25.1 వచ్చింది. మూల నిండు స్క్వేరైతే 28.8 వచ్చుండాలి. బయటి మూలలో పెన్సిల్ రుద్దిన భాగాన్ని రబ్బరుతో కొంచెం చెరిపి మళ్ళీ చూశాను. అంకె దాదాపు కదల్లేదు. లోపలి మూలలో కొంచెం చెరిపితే మాత్రం వెంటనే పెరిగింది.